అన్న ఫొటో కన్నార్పిన మధ్యాహ్నం

దయ్యాలను, శకునాలను నేనెప్పుడూ నమ్మలేదు. కంప్యూటర్లు చదివినదాన్ని. ఏదైనా వింతగా కనబడితే ప్రోగ్రాములో ఎక్కడో తప్పుందనే అనుకుంటాను.

రెండువేల ఆరు, ఏడు ప్రాంతం. అనంతపురంలో ఎమ్సీయే ఆఖరి ఏడాది. ముఖం చూసి తలుపు తెరిచే కెమెరాను ఎవరూ ఫొటో చూపించి మోసం చేయకుండా ఆపడం నా ప్రాజెక్టు. మనిషి ఊరికే కూర్చున్నా కన్నార్పుతాడు, ఫొటో ఆర్పదు. వీడియోలో రెప్ప పడితే 'అసలు', పడకపోతే 'నకిలీ' అని తెర మీద వస్తుంది. యాభై ఫొటోల దాకా పెట్టి చూశాను. అన్నీ 'నకిలీ' అనే వచ్చాయి.

ఒక మధ్యాహ్నం ల్యాబులో ఫొటోలు అయిపోయి, నా పర్సులో ఉన్న మా అన్న రమణ ఫొటో పెట్టాను.

అన్న ఇల్లు వదిలి అప్పటికి నాలుగేళ్లు. ఉరవకొండ దగ్గర మా చేను. నాయన వద్దన్నా వినకుండా అన్న వేరుశెనగ విత్తాడు. వాన రాలేదు, పైరు ఎండిపోయింది. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. పనికని పోయినవాడు మళ్లీ ఒక్క ఉత్తరం రాయలేదు. చచ్చిపోయి ఉంటాడని నాయన మనసులో తీర్మానించుకున్నాడు. అన్న పేరెత్తితే లేచి వెళ్లిపోయేవాడు.

తెర మీద 'అసలు' అని వచ్చింది.

గాలికి కదిలిందేమోనని ఫ్యాను ఆపాను. ఫొటోను అట్టకు అంటించాను. మళ్లీ 'అసలు'. అదే చోట నా ఫొటో పెడితే 'నకిలీ'. రికార్డయిన వీడియోను ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను. ఒకచోట, రెండు ఫ్రేముల్లో, అన్న రెప్పలు మూసుకుని ఉన్నాయి. మా గైడు సారుకు చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, "ఇది రిపోర్టులో రాయద్దమ్మా" అన్నారు.

ఆ శనివారం ఊరికి పోయి నాయనకు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఫొటో తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"మిషను సంగతి నాకు తెల్దు పాపా. వాడు బతికుండాడని నీకనిపిస్తాందా?"

"అనిపిస్తాంది నాయనా."

"అయితే పోదాం పా. యాడ మొదలుపెడదాం?"

బళ్లారిలో తిరిగాం, గుంతకల్లులో తిరిగాం. మూడో వారం తాడిపత్రిలో, బండలు పాలిషు చేసేచోట ఒక ముసలాయన ఫొటో చూసి, "ఏమప్పా, ఈయప్ప మన రమణ గదా" అని లోపలికి కేకేశాడు.

ఒళ్లంతా రాతిపొడితో అన్న బయటికి వచ్చాడు. నాయనను చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏ మొగం పెట్టుకోని రావల్ల నాయనా?" అన్నాడు.

"ఉన్న మొగం పెట్టుకోని రా" అన్నాడు నాయన. తన తువ్వాలుతో అన్న ముఖం తుడిచాడు.

అన్న మాతోనే బస్సెక్కాడు. తర్వాత అదే ల్యాబులో అదే ఫొటో ఎన్నిసార్లు పెట్టినా 'నకిలీ' అనే వచ్చింది. ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఆ మధ్యాహ్నం ఏం చేస్తున్నావని అన్నను అడిగాను. "బండలు పాలిషు చేస్తాంటి, ఇంకేం చేస్తా. కండ్లల్లో పొడి పడ్తానే ఉంటాది" అన్నాడు. అంతకు మించిన జవాబు నాకు ఈరోజుకీ దొరకలేదు.