కొండ కింద మొక్కు

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు చుట్టాల కొదవ ఉండదు. దర్శనానికని వస్తారు, రెండు పూటలు మన ఇంట్లో దిగుతారు, పోతూపోతూ ఒక లడ్డూ చేతిలో పెట్టిపోతారు. మామూలుగా అయితే నాకు వాళ్ళంటే సరదానే. ఆ వేసవిలో మాత్రం ఎవరైనా వస్తున్నారంటే భయం పట్టుకునేది. అన్నం తింటూ తప్పకుండా ఎవరో ఒకరు అడిగేవారు: "నవల రాస్తావుండావంట గదా, కథేంది?"

నేను మొదలుపెట్టేదాన్ని. స్వర్ణముఖి ఒడ్డున ఒక కుటుంబం, మూడు తరాలు, కలంకారీ వేసే తాత, తిరుచానూరులో పూలమ్మే ఒకామె, ఎండిపోయిన చెరుకు తోట. అడిగిన పాపానికి వాళ్ళు కాసేపు తలాడించి మజ్జిగలోకి వెళ్ళిపోయేవారు. చిత్తూరు చిన్నాన్న అయితే ఒకసారి కూర్చున్నచోటే గురక పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని అని ఏం లాభం, రాసిన నాకే మధ్యమధ్యలో నిద్ర వచ్చేది.

కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి జీతం లేని సెలవు పెట్టి ఆ నవల మీద కూర్చున్నాను. వేసవితో సెలవు అయిపోతుంది. అప్పటికి కథ ఒక దారికి రాకపోతే కాగితాలన్నీ అటక మీద పడేసి, ఇక నవల పేరు ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పుస్తకాలు అచ్చువేసే నా పాత స్నేహితురాలు రాసినదంతా చదివి ఫోన్లో ఒకటే అడిగింది. "ఎవరికి ఏం కావాలి? దానికి ఏది అడ్డం? ఒక్క వాక్యంలో చెప్పు." ఒక్క వాక్యంలో చెప్పగలిగితే నవలెందుకు రాస్తానని ఆమె మీద ఎగిరాను. ఫోను పెట్టేశాక ఏడ్చాను. ఆమె అడిగింది న్యాయమే కాబట్టి ఏడుపు ఇంకాస్త ఎక్కువే వచ్చింది.

అట్లాంటి రోజుల్లో చిన్నమ్మా చిన్నాన్నా కొండ దిగి నేరుగా మా ఇంటికి వచ్చారు. చిన్నమ్మ గుండు మీద గంధం ఇంకా తడిగా ఉంది. మోకాలి నొప్పి తగ్గితే తలనీలాలు ఇస్తానని మొక్కుకుందట, తగ్గింది, ఇచ్చేసింది. వడ్డిస్తున్న అమ్మ ఆ గుండు చూసి గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"నువ్వు అదృష్టవంతురాలివి మే. నా మొక్కు అట్లనే ఉండిపాయె," అంది.

నాకు ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చి వదల్లేదు. ఆసుపత్రి వాకిట్లో నిలబడి కొండకు దండం పెట్టి, బిడ్డ బతికితే దాని జుట్టు ఇచ్చుకుంటానని అమ్మ మొక్కుకుంది. నేను బతికాను. ఎక్కడెక్కడి వాళ్ళో రైళ్ళలో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చి మొక్కులు తీర్చుకుని పోతారు. వాకిట్లోంచి కొండ కనబడే మేము మాత్రం రేపు పోదాంలే అంటాం. ముందు బడి, తర్వాత పరీక్షలు, తర్వాత పెళ్ళి. జుట్టు నడుము దాకా పెరిగింది, మొక్కు అట్లాగే ఉంది. ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా అమ్మ నా జడ వైపు చూసేది.

"దానికేముందిక్కా, ఆడోళ్ళు మూడు కత్తెర్ల జుట్టిస్తే సాలదా?" అంది చిన్నమ్మ.

"నేను కత్తెర్లని మొక్కుకోలే. గుండని మొక్కుకుంటి."

అప్పుడు చిన్నాన్న, నా మూడు తరాల కథకు గురక పెట్టిన మహానుభావుడు, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "ఇంతకీ వదినా, మాటిచ్చింది నువ్వు, తల ఆ పిల్లది. ఎవురియ్యాల?"

"తల్లి గుండు చేయించుకుంటే సెల్లదా?" అని చిన్నమ్మ.

"యాడ సెల్లుతాది? నీ మోకాలికి నన్ను గుండు చేయించుకోమంటే ఒప్పుకుంటానా?"

ఇక మొదలైంది. పులుసు చల్లారింది, చేతులు కంచాల్లో ఎండిపోయాయి, ఒక్కరూ లేవలేదు. తల నాది, వాదన వాళ్ళది. కోపం రావాల్సిన చోట నేను ఒక్కొక్కరి మొహమే చూస్తూ కూర్చున్నాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నా నవలలో అంతమంది ఉన్నారు కానీ, ఒకరు ఇచ్చిన మాటకు బదులు చెప్పుకోవాల్సిన అవసరం ఇంకొకరికి లేదు.

మర్నాడు తాతను తీసేశాను, చెరుకు తోటను తీసేశాను. పూలమ్మే ఆమెను మొక్కుకున్న తల్లిని చేశాను. కూతురు ఎందుకు ఇవ్వనంటుంది? జడ మీద ప్రేమతో అంటే కథ రెండు పేజీల్లో అయిపోతుంది. చాలాసేపు గింజుకున్నాక కూతురిని పిల్లల వార్డులో నర్సును చేశాను. తను మందులతో బతికిందని కూతురి నమ్మకం, మొక్కుతో బతికిందని తల్లి నమ్మకం. జుట్టు ఇస్తే కూతురు ఓడుతుంది, ఇవ్వకపోతే తల్లికి నిద్రుండదు. ఇద్దరిలో ఎవరిది తప్పో నాకే తెలియలేదు. అమ్మయ్య అనుకున్నాను.

కానీ మొక్కు అమ్మది. ఆమె వద్దంటే రాయలేను. సాయంత్రం వరండాలో అమ్మ గోంగూర ఒలుస్తుంటే పక్కన కూర్చుని ఒక్క వాక్యంలో చెప్పాను: "బిడ్డ బతికితే దాని జుట్టు ఇస్తానని ఒక తల్లి మొక్కుకునిందిమా, బిడ్డ పెద్దదై నేనియ్యనంటాది."

అమ్మ చేతులు ఆగిపోయాయి. దేవుడి మాటను కథ చేసుకుంటావా అని తిడుతుందనుకున్నాను. చేతిలో ఉన్న ఆకును చాటలో పడేసింది.

"ఇచ్చిందా?" అంది.

"ఇంకా తెలీదుమా. రాస్తే గానీ తెలీదు." తర్వాత ఉండబట్టలేక అడిగాను. "మరి మన మొక్కు?"

"మన సంగతి అట్ల పెట్టు," అంది అమ్మ, గోంగూర కట్ట పక్కకు నెట్టి నా వైపు తిరిగి. "ముందు ఆ పిల్ల ఏం జేస్తాదో రాయి. వాళ్ళమ్మ యాడ కూసోని ఏడస్తావుండాదో, పాపం."