రెండు గ్లాసుల కోర్టు

మా ఎదురింటి టీచరమ్మ పోయారన్న కబురు నాకు రెండుసార్లు అందింది. మొదటిది ఆస్పత్రి నుంచి ఆవిడ భర్త చేసిన ఫోన్. "తమ్ముడూ, అయిపోయింది. గుండె ఆగిపోయింది. మా ఇల్లు తీసి బాల్కనీలో బట్టలు లోపల వేస్తావా" అన్నారు. ఆయన ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎందరి చావు కబుర్లో ఇంటివాళ్ళకు చెప్పి ఉంటారు. భార్యది కూడా డ్యూటీలో చెప్పినంత నెమ్మదిగానే చెప్పారు. బట్టలు తీస్తూ నేనే ఏడ్చాను.

రెండోది సాయంత్రం మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దండం పెట్టే చేతులు, గులాబీలు, "సమానత్వం కోసం జీవితాంతం తపించిన గురువర్యులకు కన్నీటి నివాళి" అని ఒక వాక్యం. దాని కింద సంతాపసభ వివరాలు. ఆదివారం సాయంత్రం ఒక హోటల్ హాల్లో. ఫ్యామిలీలు లోపల. బ్యాచిలర్లకు బయట పార్కింగులో షామియానా, పెద్ద తెర. టీ, సమోసా రెండు చోట్లా ఒకటే.

అది చదివి ఫోన్ సోఫా మీదికి విసిరేశాను. ఏడుపు ఎటు పోయిందో, ఒళ్ళు మండటం మొదలైంది. ఇప్పటికీ చల్లారలేదు. ఈ స్మృతిలో పూలదండలు తక్కువ, చిరాకు ఎక్కువ కనిపిస్తే పాఠకులు మన్నించాలి. ఆవిడే ఉంటే మన్నించడం కాదు, ఇంకాస్త కారం దట్టించమనేవారు.

దుబాయ్ సంగతి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. ఇక్కడ బ్యాచిలర్ అంటే పెళ్ళి కానివాడని కాదు. భార్యాపిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చి, కూలీల క్యాంపులో మంచం మీది మంచం ఎక్కి పడుకునే మగవాడెవడైనా బ్యాచిలరే. కూతురి పెళ్ళి చేసినవాడూ, మనవణ్ణి ఫోన్లో ముద్దు చేసేవాడూ కూడా. బ్యాచిలర్లకు ఇవ్వబడదని బోర్డు పెట్టిన బిల్డింగుల్లో మాలాంటి ఫ్యామిలీలు కాపురాలు చేస్తుంటాయి. అల్ కుసైస్‌లో మాదీ అలాంటి బిల్డింగే. రెండు వీధుల అవతల క్యాంపు ఉంది. టీచరమ్మ ప్రతి వారం సెలవు రోజున అక్కడి మెస్ హాల్లో మేస్త్రీలకు, హెల్పర్లకు ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళేవారు. ఆవిడ చివరి శిష్యులు వాళ్ళే. సంతాపసభలో పార్కింగులోకి పంపింది కూడా సరిగ్గా వాళ్ళనే.

అంతకు ముందు చాలా ఏళ్ళు ఇక్కడి ఇండియన్ స్కూల్లో సోషల్ చెప్పారు. మెత్తటి మనిషేం కాదు. మా బెల్లు ఎప్పుడూ నొక్కలేదు, తాళంచెవితో తలుపు మీద టకటకా కొట్టేవారు. కొత్తిమీర కట్ట సన్నబడిందని కింద కొట్టువాడితో పేచీ పెట్టుకునేవారు. మా ఆవిడ పిల్లల్ని గారాబం చేసి చెడగొడుతోందని మా ఇంట్లో కూర్చుని, మా టీ తాగుతూ, మా మొహాన్నే అనేవారు. కోనసీమ మనిషి కదా, కోపం పెరిగేకొద్దీ మాటల్లో 'అండీ'లు పెరిగేవి. ఆ 'అండీ' వినపడగానే మా పిల్లలు గప్‌చుప్‌గా పుస్తకాలు తెరిచేవాళ్ళు.

చదువుకునే రోజుల్లో ఆవిడ ఒక పరిశోధన మొదలుపెట్టారట. పెళ్ళయి దుబాయ్ వచ్చాక అది సగంలో ఆగిపోయింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల మీద. వినగానే నాకు నవ్వొచ్చింది.

"కోనసీమలో పుట్టి అమెరికా కోర్టుతోటి మీకేం పని టీచరమ్మా?" అని అడిగాను. ఆవిడ వెల్లుల్లి వలుస్తున్నారు. తలెత్తకుండానే చెప్పారు.

"మా ఊరి టీ కొట్టులో గ్లాసులు రెండు రకాలు తమ్ముడూ. ఊళ్ళోవాళ్ళకి గాజువి. మా పేటవాళ్ళకి సత్తువి, బయట అరుగు మీద బోర్లించి ఉండేవి. తాగి, మేమే కడిగి, మళ్ళీ బోర్లించాలి. మా నాన్న ఒకసారి ఇదేంటని అడిగితే, టీ ఒకటే కదరా, గ్లాసుతో నీకేం పని అన్నాడు కొట్టువాడు. తర్వాత యూనివర్సిటీ లైబ్రరీలో ఆ రైలుపెట్టె తీర్పు చదివాను. తెల్లవాళ్ళకో పెట్టె, నల్లవాళ్ళకో పెట్టె. రెండూ సమానంగా ఉంటే తప్పు లేదంట. అందులో అవమానం ఉందనుకుంటే అది నల్లవాళ్ళు ఊహించుకోవడమేనంట. అచ్చం మా కొట్టువాడి మాట! వాడు నల్ల గౌను వేసుకోలేదు, అంతే తేడా."

అని లేచి, సింకు దగ్గరికెళ్ళి నోరు పుక్కిలించుకున్నారు. ఆ తీర్పుల గురించి మాట్లాడిన ప్రతిసారీ అంతే. మొదట్లో తమాషాకి చేస్తున్నారనుకున్నాను. కాదు, ఆవిడకు నిజంగానే రోత. ఆ మాటలు నోట్లో ఉంటే అన్నం సయించదనేవారు.

ఆ బెంచిలో ఒక్క జడ్జి అడ్డం తిరిగాడు కదా, ఆయన్నయినా మెచ్చుకోండి అన్నానొకసారి. "మెచ్చుకుంటాను. ఆయన ఆ రైలుపెట్టె సంగతి ఎంత బాగా రాశాడో, అదే రాతలో చైనావాళ్ళని ఎంత నీచంగా రాశాడో అదీ చదువు. నచ్చినవాణ్ణి సగం చదివి వదిలెయ్యకూడదు తమ్ముడూ" అన్నారు. ఆవిడతో వచ్చిన చిక్కు ఇదే. కాస్త ఊరట దొరికిందనుకునేసరికి లాగేసుకునేవారు.

క్యాంపులో ఆవిడ పాఠం ఒకసారి చూశాను. కరోనా తగ్గి క్లాసు మళ్ళీ మొదలైన రోజులు. రాజన్న అప్పుడే ఊరి నుంచి తిరిగొచ్చాడు. జగిత్యాల దగ్గరి పల్లె, షట్టరింగ్ పని, వయసు యాభై దాటింది. 2020లో సెలవు మీద ఇంటికి పోయి, విమానాలు ఆగిపోయి, నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయాడు.

"వీసా ఉన్నది టీచరమ్మా, కంపిని కాయిదం ఉన్నది. శంషాబాద్ దాక పోయిన. రూల్ మారింది, ఖలాస్, వాపస్ పో అన్నరు. ఇంట్ల ఎవ్వల మొకం సూడాలన్నా సిగ్గయింది" అన్నాడు.

టీచరమ్మ ఆ పూట ఇంగ్లీషు పక్కన పెట్టేశారు. "మీలాంటాయనే ఒకాయన ఉండేవాడు రాజన్న గారూ" అని మొదలుపెట్టారు. చైనా నుంచి అమెరికా పోయిన కూలి. ఏళ్ళ తరబడి అక్కడే పనిచేశాడు. స్వదేశం చూసి రావడానికి బయల్దేరుతూ, నిన్ను మళ్ళీ రానిస్తామని సర్కారు రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన ఇంకా ఓడలో ఉండగానే, ఆ కాగితాలు ఇక చెల్లవని అమెరికా కొత్త చట్టం చేసింది. రేవులోనే ఆపేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పరాయివాళ్ళను రానివ్వడం మానడం సర్కారు ఇష్టమనీ, ఇచ్చిన కాగితాన్ని ఎప్పుడైనా రద్దు చెయ్యొచ్చనీ కోర్టు తేల్చేసింది.

మెస్ హాల్లో గోల మొదలైంది. "మాటిచ్చినంక గట్లెట్ల జేస్తరు?" అన్నాడొకడు. "కోర్టు గూడ గంతేనా?" అన్నాడింకొకడు. రాజన్న మాత్రం, "గాయినె ఏమైండు టీచరమ్మా? ఇంటికన్న మంచిగ చేరిండా?" అని అడిగాడు.

టీచరమ్మ రాజన్న వైపు తిరిగారు. "పేజీలకి పేజీలు రాశారండీ. దేశమనీ, అధికారమనీ. ఆ మనిషి ఏమయ్యాడో తీర్పులో రాయరండీ" అన్నారు. 'అండీ'లు లెక్కకు మించి పడ్డాయి. తర్వాత చేతులు కడుక్కునే కుళాయి దగ్గరికి వెళ్ళారు. అప్పటి నుంచి నేను పేపర్లో ఏ తీర్పు చదివినా, చివర్లో ఆ మనిషి కోసం వెతుకుతాను. ఉండడు.

మా సంఘంతో ఆవిడకు చెడింది ఒక ఉగాది విందులో. అప్పుడూ ఇదే ఏర్పాటు. ఫ్యామిలీలు ఏసీ హాల్లో, బ్యాచిలర్లు బయట టెంటులో. ఆవిడ నేరుగా అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళారు. నేను పక్కనే ఉన్నాను.

"వాళ్ళకే ఫ్రీగా ఉంటుందని మేడమ్. లోపల లేడీస్ ఉంటారు, పాపం వాళ్ళే మొహమాటపడతారు. బొబ్బట్టు అదే, పులిహోర అదే, వంటవాడు కూడా ఒక్కడే" అన్నాడాయన.

"ఒకటే అయితే మీరు అక్కడికెళ్ళి తినండీ. మీ కుర్చీలో రాజన్న గారు కూర్చుంటారండీ."

ఆయన పకపకా నవ్వాడు. జోకనుకున్నాడు. టీచరమ్మ తన ప్లేటు తీసుకుని టెంటులోకి నడిచారు, మళ్ళీ ఆ సంఘం గడప తొక్కలేదు. బతికుండగా ఆవిడను రప్పించలేకపోయినవాళ్ళకు పోయాక దారి దొరికింది. ఫొటో కాదనదు కదా.

నేను అధ్యక్షుడికి ఫోన్ చేశాను. కోపంలో నా తెలంగాణ యాస బయటికొచ్చేసింది. "సార్, ఆమె సభకు ఆమె స్టూడెంట్లను బయట కూసోబెట్టుడేంది? కొంచెమన్న బాగుంటదా?" అన్నాను.

"మనదేముందండీ, హోటల్ వాళ్ళది ప్రైవేట్ హాలు. ఫ్యామిలీస్ ఓన్లీ అన్నారు. వాళ్ళ ఆస్తి, వాళ్ళ ఇష్టం. మనకా, అందరూ సమానమే" అన్నాడు.

ఆ మాట నాకు తెలిసిందే. టీచరమ్మ చెప్పారు. బానిసత్వం పోయి ఇరవై ఏళ్ళు కూడా నిండకుండానే, హోటళ్ళవాళ్ళూ నాటకశాలలవాళ్ళూ నల్లవాళ్ళను గుమ్మంలోనే ఆపితే అది వాళ్ళ సొంత వ్యవహారం, కేంద్ర సర్కారు చట్టం చేసి ఆపడానికి వీల్లేదని అదే కోర్టు అంది. విన్నప్పుడు ఎక్కడి అమెరికా, ఎప్పటి సంగతి అనుకున్నాను. మా అధ్యక్షుడి నోట్లో ఎంత తాజాగా ఉందో!

ఉండబట్టలేక హోటల్‌కే ఫోన్ చేశాను. మేనేజర్ మలయాళీ. మాకు అలాంటి రూలేమీ లేదు, బయట వేరే సీటింగ్ కావాలని మీ కమిటీవాళ్ళే అడిగారు అన్నాడు హిందీలో. ఆ ముక్క గ్రూపులో పెట్టాను. దండం పెట్టే చేతులు నాలుగొచ్చాయి. "ఈ విషాద సమయంలో రాజకీయాలు వద్దు బ్రదర్" అని ఒకటి. దానికి లైకులు. అబద్ధమాడినవాడి మీద కంటే, ఆ లైకుల మీదే ఎక్కువ అసహ్యం వేసింది. వాళ్ళలో సగం మంది పిల్లలు టీచరమ్మ దగ్గర చదివినవాళ్ళే.

శనివారం పొద్దున జెబెల్ అలీ శ్మశానంలో ఖననం అయింది. ఆదివారం సాయంత్రం నేనూ మా ఆవిడా సభకు వెళ్ళి షామియానాలో కూర్చున్నాం. లోపల హాలు తెర మీద కనిపిస్తోంది. వేదిక మీద దండ వేసిన ఫొటో. ముందు వరస మధ్యలో తెల్లగుడ్డ తొడిగిన కుర్చీ ఒకటి, టీచరమ్మ భర్త కోసం. క్యాంపు బస్సు వచ్చి ఆగింది. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని మనుషులు దిగుతున్నారు. వాళ్ళకంటే ముందు దిగింది ఆయన. నేరుగా వచ్చి షామియానాలో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

అధ్యక్షుడు పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో సార్, ఇక్కడేంటి! మీ సీటు ముందు వరసలో ఉంది. కొవ్వొత్తి మీ చేతులమీదుగానే వెలిగించాలి, అందరూ ఎదురుచూస్తున్నారు."

"నేను వీళ్ళతో వచ్చానండీ. వెలిగించడం మీరు కానివ్వండి" అన్నారాయన. గొంతు పెంచలేదు.

అధ్యక్షుడు చుట్టూ చూసి, వెళ్ళిపోయాడు. రాజన్నకు ఇబ్బందిగా ఉంది. "సారూ, మీరు లోపటికి పోన్రి. మేమేం అనుకోం" అన్నాడు మెల్లగా.

"నేను అనుకుంటాను రాజన్నా" అన్నారాయన.

సభ మొదలైంది. ఆవిడ దృష్టిలో పేదాగొప్పా తేడా లేదన్నారు ఒకరు. సమానత్వం ఆవిడ ఊపిరి అన్నాడు అధ్యక్షుడు. లోపల చప్పట్లు మోగాయి, బయట ఒక్క చెయ్యీ కదల్లేదు. మౌనం పాటించమన్నప్పుడు మాత్రం షామియానాలో అందరూ లేచారు. తెర మీద లోపలివాళ్ళు కూర్చున్నా వీళ్ళు కూర్చోలేదు. సమోసాలు వచ్చాయి. అవి నిజంగానే ఒకటే. నాది ప్లేటులోనే వదిలేశాను. లేచి పార్కింగు మూలకి వెళ్ళి, సీసాలో నీళ్ళతో నోరు పుక్కిలించుకున్నాను.

ఇంతలో బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడు. "యల్లా, యల్లా! మెస్ బంద్ అయితది" అని కేకేశాడు. ఎవరూ చెప్పకుండానే వాళ్ళు తమ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చారు, కప్పులు ఏరి చెత్తబుట్టలో వేశారు. టీచరమ్మ భర్త కూడా రాజన్న వెనకే బస్సెక్కారు. ఆ పూట భోజనం క్యాంపులోనేనట. మా ఆవిడ చెయ్యి ఊపింది, ఆయన చూడలేదు.

షామియానా ఖాళీ అయింది. తెర ఆపాలని ఎవరికీ తోచలేదు. లోపల ఫొటో పక్కన నిలబడి ఫ్యామిలీలు వంతులవారీగా ఫొటోలు దిగుతున్నారు. ముందు వరసలో, తెల్లగుడ్డ తొడిగిన ఆయన కుర్చీలో ఎవరో తమ హ్యాండ్‌బ్యాగు పెట్టుకున్నారు.