అభ్యంతరంగారు

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది. ఆయనకు మాత్రం అభ్యంతరం నాలుక చివర ఉండేది. నోరు తెరిస్తే చాలు, ముందు అదే బయటికి దూకేది. "ఒక చిన్న అభ్యంతరం" అంటూ కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఆ "చిన్న" అన్న మాట వినగానే హోము మేనేజరమ్మ గుండెలో రాయి పడేది. పెద్ద అభ్యంతరమైతే ఒకటి వచ్చి పోతుంది. చిన్నవి చీమలబారులా వస్తూనే ఉంటాయి.

"అభ్యంతరంగారు" అని పేరు పెట్టింది హోములో వంటాయన. అది ఎలాగో ఆయన చెవిన పడింది. పడితే కోపం తెచ్చుకోవాలా? తెచ్చుకోలేదు. "పేరు బాగానే ఉంది గానీ, పిలిచేటప్పుడు 'భ్య' సరిగ్గా ఒత్తడం లేదయ్యా" అన్నాడు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు వెనకాల కూర్చున్నాడట. జనం చెప్పింది వినడం, "చూస్తాం" అనడం, అదీ పని. అన్నేళ్లు మింగిందంతా రిటైరయ్యాక తన ఒక్కదాని మీద కక్కుతున్నాడని మేనేజరమ్మ అనుమానం.

ఆ హోము మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దవాళ్లను చూసుకునే చోటు. గది గదికీ ఒక రంగు తలుపు. బయటికి పోయే తలుపుకు మాత్రం నిండా పుస్తకాల అలమర బొమ్మ వేయించారు, పెద్దవాళ్లు దాన్ని తలుపని గుర్తుపట్టి వీధిన పడకుండా. కొత్తగా చేరిన నర్సులు డ్యూటీ దిగి ఇంటికి పోలేక ఆ అలమర ముందు బిక్కమొహాలు వేసుకుని నిలబడేవాళ్లు. వీధివైపు గోడ మీద యజమాని పెద్దక్షరాలతో రాయించాడు: "ఇక్కడ ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు." నిజంగానే లేదు. ఏ గదికి వెళ్లి ఏ తాతగారిని అడిగినా "నాకేం నాయనా, బాగున్నాను" అనేవాడు. ఉన్న ఫిర్యాదులన్నీ సాయంత్రం టీ వేళకు చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చే ఈ ఒక్కాయనవే.

అవైనా ఒక తీరుగా ఉంటేనా!

"ఒక చిన్న అభ్యంతరం. టీ మరీ వేడిగా ఉంది. నాలుక చుర్రుమంది."

మేనేజరమ్మ వంటాయనకు చెప్పి మర్నాడు గోరువెచ్చగా పోయించింది.

"ఒక చిన్న అభ్యంతరం. ఇది టీయా, పూలకుండీలో పోసే నీళ్లా?"

"నిన్న మీరే కదా సార్ వేడన్నారు?"

"నిన్నటిది నిన్నటి అభ్యంతరం. ఇవాళ్టిది ఇది."

టీవీ చెవులు పగలగొడుతోందనేవాడు. తగ్గిస్తే, బొమ్మలు మూగవాళ్లలా పెదాలు కదుపుతున్నాయనేవాడు. దిండు రాయిలా ఉందన్న నోటితోనే, తల దిండులో మునిగిపోతోందనేవాడు. ఒకరోజు వచ్చి గంభీరంగా కూర్చుని, "నైటీ మెడ దగ్గర బిగుతుగా ఉంది" అన్నాడు.

మేనేజరమ్మ ఆయన చొక్కా వైపు చూసింది. ప్యాంటు వైపు చూసింది. "నైటీ ఎవరు వేసుకున్నారు సార్?"

"ఎవరో ఒకరు వేసుకున్నారు కదా? బిగుతు బిగుతేనమ్మా."

"పోనీ, కాగితం మీద రాసి పెట్టెలో వెయ్యండి. నేను తీరిగ్గా చూస్తాను."

"రాస్తే మీరు పెట్టెలో వేసుకుంటారు. చెబితే చెవిలో వేసుకోవాలి" అని లేచి, పోతూ పోతూ, కుర్చీ కిర్రుమంటోందని కూడా చెప్పిపోయాడు.

ఇలా ఉండగా ఒకరోజు యజమాని మేనేజరమ్మను పిలిపించాడు. తనిఖీవాళ్లు వస్తున్నారు. అన్నీ బాగుంటే హోముకు అయిదు నక్షత్రాలిస్తారు. వాటిని గేటు మీద ఎక్కడ బిగించాలో కూడా ఆయన అప్పుడే గీతలు గీసి పెట్టుకున్నాడు.

"ఆ రోజు ఆ మనిషి గేటు దాటకూడదు. దాటాడో, నువ్వు కూడా గేటు దాటాల్సి ఉంటుంది, అవతలికి. అర్థమైందా? ఇంతకీ ఆయన ఎవరి తాలూకు?"

అది మేనేజరమ్మకూ తెలియదు. తను ఉద్యోగంలో చేరేనాటికే ఆయన వస్తూ ఉన్నాడు. ఎవరో ఒకరి బంధువనుకుంది. పెద్ద నర్సును అడిగితే "దర్జీ తాతగారి మనిషి కాదూ?" అంది. వంటాయన "మీ మనిషేమో అనుకున్నానమ్మా" అన్నాడు. సరే, పెద్దవాళ్లనే అడుగుదామని బయల్దేరింది. కొండను తవ్వి ఎలుకను పట్టొచ్చేమో గానీ, ఆ హోములో చుట్టరికం కనిపెట్టడం బ్రహ్మతరం కాదని అప్పుడు తెలిసింది.

"వాడా? మా తమ్ముడు" అంది ఒకప్పుడు బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసిన పెద్దమ్మ. "లెక్కల్లో మొద్దు. పిల్లలందరి ముందూ గోడకుర్చీ వేయించాను. అయినా అక్కంటే ప్రాణం."

"మా వియ్యంకుడు" అన్నాడు దర్జీ తాతగారు. "పెళ్లిలో మర్యాదలు తక్కువయ్యాయని అలిగాడు. ఇప్పటిదాకా అలక తీరలేదు. నువ్వే చూస్తున్నావుగా."

ఊలు బంతి ఒళ్లో పెట్టుకుని కూర్చునే మామ్మ సిగ్గుపడిపోయింది. "మా ఆయనేనమ్మా" అని చెవిలో చెప్పి, "పైకి అలా ఉంటారు గానీ..." అని ముసిముసిగా నవ్వింది.

ముగ్గురి మాటా ఆయనకు అచ్చుగుద్దినట్టు సరిపోతోంది. అదీ చిక్కు.

ఇలా కాదని ఆ సాయంత్రం మేనేజరమ్మ భోజనాల గదిలో స్తంభం చాటున నిలబడింది. అభ్యంతరంగారు వచ్చాడు. కర్ర గోడకు చేరవేసి హెడ్మిస్ట్రెస్ పెద్దమ్మ పక్కన కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. ఆవిడ టీ తాగుతుంటే తనూ తాగాడు. ఆవిడ బడి సంగతులు చెబుతుంటే ఊ కొట్టాడు. ఊ కొట్టగా కొట్టగా ఆవిడ గొంతు తగ్గించి, "ఒరేయ్, ఈ నైటీ మెడ దగ్గర పట్టేస్తోందిరా. ఊపిరాడటం లేదు" అంది.

"ఇంకా మార్చలేదా అక్కా?"

"ఏమో! ఎవరు తొడిగారో!"

అంతలో పెద్ద నర్సు వచ్చి, "పెద్దమ్మగారూ, ఏమైనా కావాలా?" అనడిగింది.

"ఏమీ వద్దమ్మా. హాయిగా ఉన్నాను" అంది పెద్దమ్మ, నవ్వుతూ.

నర్సు వెళ్లిపోయింది. ఆయన లేచి దర్జీ తాతగారి దగ్గర కాసేపు, ఊలు మామ్మ దగ్గర కాసేపు కూర్చున్నాడు. తర్వాత వరండా వెంట గబగబా నడుస్తూ, బజారుకు పంపిన పిల్లాడు సరుకులు మరిచిపోకుండా వల్లించుకున్నట్టు, "నైటీ మెడ, టీ వేడి, కిటికీ ఎండ... నైటీ మెడ, టీ వేడి, కిటికీ ఎండ..." అని గొణుక్కోవడం మేనేజరమ్మ చెవులారా విన్నది. టీ వేడి ఒకరిది. చల్లటి టీ ఇంకొకరిది. ఆయనది ఏదీ లేదు.

ఆఫీసు గుమ్మంలో ఎదురు నిలబడి అడిగింది. "నిజం చెప్పండి సార్. మీరు ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదు" అన్నాడాయన, అదేదో తెలిసిన సంగతే అన్నట్టు. "మా ఆవిడ ఇక్కడ ఉండేది, మీరు రాకముందు. చెప్పులో ఏదో గుచ్చుకుంటోందండీ అని ఓ రోజు నాతో అంది. నర్సును పిలిచాను. నర్సు అడిగితే 'నాకేం, బంగారంలా ఉన్నాను' అంది మహాతల్లి. చెప్పు విప్పి చూస్తే లోపల చొక్కా గుండీ! పొద్దుటి నుంచీ దాని మీదే నడుస్తోంది. నొప్పి కాలికి గుర్తుంది, నోటికి గుర్తు లేదు. ఆవిడ పోయాక ఇక్కడికి రావడం మానేద్దామనుకున్నాను. కానీ ఈ వరండాలో ఇంకా ఎవరెవరి చెప్పుల్లో ఏమేం ఉన్నాయో!"

"మరి ఎవరి బాధో వాళ్ల పేరు చెప్పొచ్చు కదా? నేను మిమ్మల్ని ఎన్ని అనుకున్నాను!"

"పేరు చెబితే మీవాళ్లు పోయి వాళ్లనే అడుగుతారు. వాళ్లు లేదంటారు. అక్కడితో సరి. నాదే అంటే నేను మాట మీద నిలబడతాను. తిట్లు నాకు, టీ వాళ్లకు. అయినా అందరికీ ఒకే టీ పోయమని మీకెవరు చెప్పారు?"

తనిఖీ రోజున రావద్దని చెప్పాల్సిన మాట మేనేజరమ్మ ఆయనకు చెప్పనేలేదు.

ఆమె చెప్పకపోతేనేం, తనిఖీ రోజున యజమాని తనే గేటు దగ్గరికి వెళ్లి వాచ్‌మన్‌కు కట్టుదిట్టంగా చెప్పి వచ్చాడు. తనిఖీకి ఇద్దరు వచ్చారు, పొట్టి కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన, కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ. మంచం మంచం దగ్గరా నిలబడి, "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగారు. "ఏమీ లేవు" అన్నాడు దర్జీ తాతగారు. "ఏమీ లేవు" అంది ఊలు మామ్మ. యజమాని మొహంలో నక్షత్రాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

టీ వేళయింది. హెడ్మిస్ట్రెస్ పెద్దమ్మ కప్పు ముట్టుకోలేదు. కిటికీలోంచి గేటు వైపే చూస్తోంది.

"మా తమ్ముడేడీ? వాడితో ఒక మాట చెప్పాలి."

"ఏం చెప్పాలండీ?" అనడిగింది కళ్లజోడావిడ.

"వాడొస్తే గుర్తొస్తుంది."

"మా వియ్యంకుణ్ణి గేటు బయట నిలబెట్టారా?" అని దర్జీ తాతగారు కుర్చీలోంచి లేచాడు. "అసలే అలిగిన మనిషి! మా పరువేం కావాలి?"

"మా ఆయన ఎండలో ఉన్నారు" అంది ఊలు మామ్మ, కళ్ల నీళ్ల పర్యంతమై.

ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బయల్దేరారు. నేరుగా పోయి పుస్తకాల అలమర ముందు ఆగిపోయారు. పెద్దమ్మ బొమ్మ పుస్తకాన్ని గోటితో పీకి చూసింది. దారి లేదు. అయినా వెనక్కి తిరగలేదు.

కోటాయన బుర్ర గోక్కున్నాడు. "ఒకే మనిషి ఈవిడకు తమ్ముడు, ఆయనకు వియ్యంకుడు, ఆవిడకు భర్తా? ఎలా కుదురుతుందండీ?"

"వాళ్లకు మతిలేక అంటున్నారండీ" అన్నాడు యజమాని కంగారుగా. "ఆయన ఇక్కడ ఎవరికీ ఏమీ కాడు."

"నాకు బాబాయండీ" అన్న మాట వినిపించింది. అన్నది తనేనని మేనేజరమ్మకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగం పోతే పోయిందనుకుని, యజమాని కళ్లతో చేసే సైగలు చూడనట్టు నటించి, అలమర తలుపు బార్లా తెరిచింది.

గేటు దగ్గర అభ్యంతరంగారు వాచ్‌మన్ స్టూలు కాళ్లు తనిఖీ చేస్తున్నాడు. "మూడు కాళ్ల మీద నిలబడుతోందయ్యా ఇది. నువ్వు పడితే నన్ను ఆపేదెవరు?"

మేనేజరమ్మ లోపలికి తీసుకొచ్చేసరికి పెద్దమ్మ ఆయన చెవి పట్టుకుని వంచి ఏదో చెప్పింది. ఆయన నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఒక చిన్న అభ్యంతరం."

యజమాని కళ్లు మూసుకున్నాడు.

"స్నానాలగదిలో పైనుంచి పడే ఆ జల్లు నాకొద్దు. మీద పడుతుంటే భయమేస్తోంది. బకెట్టూ మగ్గూ కావాలి."

"మీరు ఇక్కడే స్నానం చేస్తారా?" అంది కళ్లజోడావిడ.

"చెయ్యను. అయినా భయమేస్తోంది."

ఆవిడ పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుని తల ఆడిస్తోంది.

"ఇంకోటి" అన్నాడాయన. "ఇది మీ మీద. మీరు నిలబడి అడుగుతున్నారు. దారిన పోయేవాళ్లు అడిగితే ఎవరైనా బాగున్నామనే చెబుతారు. కూర్చోండి. ఒక కప్పు టీ అయ్యేదాకా ఊ కొట్టండి. అప్పుడు వినండి ఎవరికేముందో."

ఇద్దరూ కూర్చున్నారు. టీ అయిపోయింది, రెండోసారి పోశారు, దీపాలు పెట్టేవేళయింది. దిండు గొడవ, కిటికీ ఎండ గొడవ, టీవీ గొడవ అన్నీ బయటపడ్డాయి. "రోజూ వినే మనిషంటూ ఉన్న హోమును మేం ఇదివరకు చూడలేదు" అంటూనే కళ్లజోడావిడ స్నానాలగది పేరు చెప్పి ఒక నక్షత్రం కోసేసింది.

పోయిన నక్షత్రానికి యజమాని రెండు రోజులు అన్నం మానేశాడు. మూడోరోజు ఆయనలో వ్యాపారి నిద్రలేచాడు. వీధి గోడకు కొత్త సున్నం, దాని మీద కొత్త రాత: "ఫిర్యాదులున్న ఏకైక హోము మాదే!" మేనేజరమ్మను తీసేయడం మాట ఎత్తలేదు సరికదా, ఆలోచన తనదేనని అందరికీ చెప్పుకున్నాడు. టీకి రెండు ఫ్లాస్కులు వచ్చాయి. స్నానాలగదిలోకి బకెట్టు వచ్చింది. పెద్దమ్మ నైటీ మెడను దర్జీ తాతగారే విప్పి కుట్టాడు, వియ్యంకుడి మొహం చూసి.

ఆ మర్నాడు మేనేజరమ్మకు ఊపిరి సలపని పని. పొద్దున ఎవరో జారిపడ్డారు, మధ్యాహ్నం నీళ్ల మోటారు కాలిపోయింది. సాయంత్రం అభ్యంతరంగారు వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఒక చిన్న అభ్యంతరం."

"చెప్పండి బాబాయ్."

"ఈ హోములో ఒక అమ్మాయి ఉంది. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అడిగితే బాగానే ఉన్నానంటుంది."

మేనేజరమ్మ చటుక్కున లేచింది. "ఎవరండీ? ఏ గదిలో?"

ఆయన బల్ల మూల మీద మూత కూడా తీయని భోజనం డబ్బాను కర్రతో మెల్లగా ఆమె వైపు జరిపాడు.

"ఈ గదిలోనే. తిను ముందు. కూర బాగాలేకపోతే నాతో చెప్పు. నాదని చెబుతాను."