నేను లేని క్లాస్ గ్రూపు

నలభై దాటాక డిగ్రీలో చేరాను. ఈ రోజు మధ్యాహ్నం ఇంటర్నల్ పరీక్ష ఉందని, వర్ధన్నపేట నుంచి వరంగల్ దాకా బస్సులో నిలబడే చదువుకుంటూ వచ్చాను. తీరా చూస్తే పరీక్ష పొద్దున్నే అయిపోయింది! టైం మారిన సంగతి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టారట. అలాంటి గ్రూపు ఒకటుందనే నాకు తెలియదు.

పక్కన కూర్చునే శ్రావణిని పట్టుకుని, "నన్నెందుకు కలపలేదే?" అని అడిగాను.

"ఏమనుకోకుండ్రి ఆంటీ, అండ్ల మేం సార్లను తిట్టుకుంటం. మీరుంటే ఫ్రీగ మాట్లాడలేం."

"నాకు మీకంటె ఎక్కువొస్తయి తిట్లు!" అన్నాను. కోపంతో ఏడుపొచ్చింది.

అలాగే పరీక్ష పెట్టిన మేడం దగ్గరికి వెళ్లాను. "ఈ వయసుల మీకెందుకమ్మా ఇంత పరేషాన్? వచ్చే సెమిస్టర్ల రాసుకోండ్రి" అన్నారు.

"చదువుకొని వచ్చిన మేడం, ఇయ్యాలనే రాస్త" అని అక్కడే నిలబడ్డాను. విసుక్కుంటూనే వేరే ప్రశ్నలిచ్చి, స్టాఫ్ రూంలో కూర్చోబెట్టారు. అన్నీ రాశాను.

సాయంత్రం శ్రావణి నన్ను గ్రూపులో కలిపింది. "నమస్తే ఆంటీ" అని వరసగా వచ్చాయి. ఆ తర్వాత ఒక్కరూ నోరు విప్పలేదు. ఇంకో గ్రూపు పెట్టుకున్నారని నా అనుమానం. మీరే చెప్పండి, వీళ్లకు నమ్మకం కుదరాలంటే ముందు ఏ సారును తిట్టాలి?