వామిలో కలిసిపోయిన ఒక్క చెట్టు

మా మరిది పోయినాడు. పోయిన అమావాస్యకు ముందురోజు మధ్యాహ్నం అన్నం తిని, "కాసేపు నడుం వాలుస్తా వదినా" అని పోయినవాడు మళ్ళీ లేవలేదు. నాకంటే చిన్నవాడు. పెద్దదాన్ని నేనుండగా ముందు పోవడం ఏం మర్యాద అని అడుగుదామంటే మనిషి లేడు.

ఆయన చేసే పని ఏమిటో మా బంధువుల్లో చాలామందికి చివరిదాకా అర్థం కాలేదు. "ఆకుల డాక్టరు" అనేవాళ్ళు. పంటల మీద పరిశోధన చేసేవాళ్ళు విత్తనాలను ఒక మందులో నానబెడతారు. దాంతో జన్యువులు అక్కడొకటి ఇక్కడొకటి మారిపోతాయి. ఏ చెట్టులో ఏది మారిందో కంటికి కనబడదు. ఆ చెట్ల ఆకులు ఈయనకిస్తే, అనంతపురంలో రెండు గదుల ల్యాబులో మిషన్ల మీద పరీక్షించి, మీకు కావలసిన మార్పు ఫలానా చెట్టులో ఉందని చెప్పేవాడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని గనక నాకంతా అర్థమవుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ చెడగొట్టలేదు.

చేతులు ఊరుకునేవి కావు. మా ఇంటికొస్తే మాట్లాడుతూనే కరివేపాకు చెట్టు చివుళ్ళు గిల్లేవాడు. "గిల్లితే గిల్లినావు, చారులోకన్నా వేసిపో" అనేదాన్ని. ఊహించి చెప్పడం మాత్రం ఆయనకు చేతకాదు. మా మనవరాలికి సంబంధం వచ్చినప్పుడు, పిల్లవాడు ఎట్లాంటివాడని అడిగితే, "పరీక్ష చేయందే ఏమీ చెప్పను వదినా" అన్నాడు. "ఆకు పంపమందునా?" అన్నాను. నవ్వినాడే గాని, చెప్పలేదు.

"మారిందని మాత్రమే నేను చెప్పగలను. మేలుకు మారిందో కీడుకు మారిందో చేను చెప్పల్ల." ఇది ఆయన ఊతమాట.

కరువు ఏడాది చెనిక్కాయకు, అదే వేరుశనగకు, ఒక బూజు పడుతుంది. విషం. గింజను చూస్తే తెలీదు, తిన్న మనిషి కాలేయానికి తెలుస్తుంది. ఆ బూజును లోపలికి రానీయని చెట్టు కోసం ఒక పరిశోధకురాలు ఏళ్ళుగా వెతుకుతోంది. ఆమె కోసం పామిడి దగ్గర మా చేనిలో మందు పెట్టిన విత్తనం వేయించి, ప్రతి చెట్టుకూ నంబరు చీటీ కట్టి, ఆకు గిల్లి తెచ్చుకున్నాడు మా మరిది. పోయిన ఏడు, ఇంక రెండు దినాల్లో చెట్లు పీకాలనగా, ఆ మార్పు ఒక చెట్టులో దొరికింది. ఒక్కదాంట్లోనే. నేను టిఫిన్ డబ్బా తీసుకుని ల్యాబుకు పోయేసరికి, బిడ్డ పుట్టిన కబురు చెప్పినట్టు ఆ నంబరు చెప్పినాడు.

మేము తింటుండగానే ఫోన్ మోగింది. మా పక్క చేను రైతు.

"అన్నా, మోడం పట్టి వానొచ్చేట్టుందని మేమే మనుషుల్ని పిల్చకొచ్చి మీ చేనంతా పీకేసినాం. అంతా ఒక్క కుప్పగా వామి వేసి టార్పాలిన్ పట్ట కప్పినాం. ఒక్క కాయ తడవల్యా. నీ చీటీలు గూడా తడుస్తాయని అన్నీ విప్పి సంచిలో పెట్టినాం."

మా మరిది చేతిలోని ముద్ద డబ్బాలోనే పెట్టేసినాడు. తర్వాత, "శానా మంచి పని చేసినారప్పా" అన్నాడు.

"ఏం మంచి పని? చీటీ లేకుంటే ఆ చెట్టేదో ఎట్లా తెలుస్తుంది? ఒక మాట చెప్పరాదా వాళ్ళకు?" అని నేను లేచినాను.

"చెప్తే, ఇంకోసారి వానొచ్చినప్పుడు ఎవరి చేనికీ పరిగెత్తరు వదినా."

ఆ వామిలోని కాయలన్నీ ఒలిపించి ఈ ఏడు మళ్ళీ వేసినాడు. ఆ చెట్టు గింజలు వీటిలోనే ఎక్కడో ఉంటాయి గదా అని, మొదటినుంచీ మళ్ళీ ఆకులు గిల్లడం మొదలుపెట్టినాడు. సగం చేను కూడా కాకముందే పోయినాడు.

ఆ పరిశోధకురాలు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "అమ్మా, మూడు వారాలు చెట్లు పచ్చగా ఉంటే చాలు, ఆలోగా మావాళ్ళు వచ్చి ఆకులు తీసుకుంటారు. ఎండిపోతే ఇంక మేము చేయగలిగిందేమీ లేదు." పచ్చగా ఉంచడం నా చేతిలో ఉందా? బోరు ఎండింది. ఆకాశం కడిగిన పళ్ళెంలాగుంది. నేను ఊకొట్టి ఫోన్ పెట్టేసినాను.

దినాల నాడు ఆ పక్క చేను రైతు వచ్చినాడు. "ఆ పొద్దు అన్న చేను వానపాలు కాకుండా కాపాడినాం. ఆ తృప్తన్నా మిగిలిందక్కా" అన్నాడు. నా నాలుక సంగతి నాకు తెలిసిందే. ఆ చెట్టు సంగతి, మూడు వారాల సంగతి, మొత్తం చెప్పేసినాను.

ఆయన గోడవారన గొంతుకూర్చున్నాడు.

"ఒక్క మాట అనకపాయె అన్న."

"అనడు."

"ఆ చెట్టు యాడుండాదో ఇప్పుడెట్ల తెల్సేదక్కా?"

"తెలీదు నాయనా."

టవలు భుజాన వేసుకుని, విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్ళిపోయినాడు.

నిన్న చేనికి పోయినాను. గట్టు మీద ట్రాక్టరు, దాని వెనక నీళ్ళ ట్యాంకరు. ఆయన, ఆయన భార్య బిందెలు మోస్తున్నారు. ఒక్కొక్క చెట్టు మొదట్లో ఒక్కొక్క చెంబు.

"ఏమప్పా, మీ చేను గూడా ఎండుతాంది గదా?"

"మా చేన్లో ఏ చెట్టు పోయినా ఒకటేనక్కా. ఈడ ఏదో తెలీదు గదా, అన్నిటికీ పోస్తాండా."

చెంబు వంచిన చోట మట్టి కాసేపు నల్లబడి, మళ్ళీ పాలిపోతోంది. ఆయన తల ఎత్తకుండా పక్క చెట్టుకు జరిగినాడు. మొదటి సాలు సగం కూడా కాలేదు. పొద్దు అప్పుడే నెత్తిమీదికొచ్చింది.