అమ్మ ఉప్పు చూస్తేనే

నానిన మినపప్పు వాసన ఇవాళ్టికీ మా వంటింట్లోంచి నన్ను తెనాలి లాక్కుపోతుంది. ఎనభైల్లో అక్కడ బస్టాండు దగ్గర సుబ్బారావుగారి టిఫిన్ హోటల్లో మా అమ్మ మరియమ్మ పిండి రుబ్బేది. బడికి పోయేముందు నేనూ అక్కడికే చేరేదాన్ని. కాలిన పెనం మీద ఉల్లిపాయ చెక్క రాస్తుంటే చుయ్‌మనే చప్పుడూ, అల్లప్పచ్చడి ఘాటూ, సాంబారు ఆవిర్లూ, వీటన్నిటి మీదుగా గల్లా దగ్గర సుబ్బారావుగారి కేకలూ. నోరు పెద్దదే గానీ ఆయనకో పట్టింపు ఉండేది: రుబ్బిన మనిషి మొదటి దోసె తిని ఉప్పు సరిపోయిందనే దాకా, ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి కూర్చున్నా రెండో దోసె పడేది కాదు.

ఒక క్రిస్మస్ నెలలో, మేం గుమ్మానికి కాగితం నక్షత్రం కట్టి అరిసెలకు బియ్యం నానబోసుకున్న రోజుల్లో, హోటల్లోకి గ్రైండరు దిగింది. అమ్మ చేతులు కాయలు కాశాయని ఆయన తెప్పించారట. ఆ మాట మాత్రం అమ్మతో అనలేదు. కొబ్బరికాయ కొట్టి, మిషన్‌కు బొట్టు పెట్టి మురిసిపోయారు. "ఇంక మనతో పనేముందే" అని అమ్మ మర్నాడు పనికే పోలేదు. నానిన బియ్యం అలాగే వదిలేసి గోడవైపు తిరిగి పడుకుంది. పండక్కి కొత్త గౌను మాట దేవుడెరుగు, ఇల్లెలా గడుస్తుందోనని నాకు ఏడుపొచ్చింది.

ఎనిమిదింటికి సుబ్బారావుగారు అరిటాకులో దోసె పట్టుకుని, చెప్పులు కూడా మరిచిపోయి, మా గుమ్మంలోకి వచ్చారు.

"అక్కడ జనం నన్ను తిట్టిపోస్తున్నారు. ఉప్పు చూడు మరియమ్మా."

"మిషనొచ్చింది గదండీ బాబాయిగారూ, ఇంక నేనెందుకండీ?"

"దానికి నాలుకుందా ఏంటి? నిన్ను మానిపించాలంటే నేనొచ్చి చెప్తా గానీ, మిషన్ చేత చెప్పిస్తానా?"

అమ్మ కళ్లు తుడుచుకుని ఓ ముక్క తింది. "ఉప్పు సరిపోయిందండి. మిషన్లో పిండే వేడెక్కింది. తిప్పేటప్పుడు చన్నీళ్లు పొయ్యలేదా ఏంటి?" అంటూ చెంగు దోపి లేచింది. ఆ పూట నుంచి గ్రైండరుకు అమ్మే అధికారి. ఆమె లేకుండా స్విచ్ ముట్టుకున్నవాళ్లకు, సుబ్బారావుగారితో సహా, చీవాట్లే. చూసి నవ్వలేక చచ్చేదాన్ని.

ఇప్పుడా చోట సెల్‌ఫోన్ల కొట్టుంది. సుబ్బారావుగారు లేరు. హోటళ్లకు పిండి ప్యాకెట్లలో వస్తోంది, ఎవరు రుబ్బారో ఎవరికీ తెలియదు. మొన్న అమ్మను ఆ బస్టాండు దగ్గరే ఇంకో హోటలుకు తీసుకెళ్లాను. పులిసిపోయిన దోసెను ఆఖరి ముక్క దాకా తినేసింది. బయటికొచ్చాక, ఒక్క మాటైనా అనలేదేంటమ్మా అని అడిగాను.

"మనకెందుకే, మనం అక్కడ పనిచెయ్యట్లేదుగా" అంది.