మామయ్య మీద రెండు కేసడియాలు

పెళ్ళయిన కొత్తలో నాకు ఫోన్లో వంటల వీడియోలు చూడటం ఒక వ్యసనంగా ఉండేది, చూసినవన్నీ నాకు వచ్చేసినట్టేననే ధీమా అంతకంటే పెద్ద వ్యసనం. నరసరావుపేట దగ్గర పల్లెలో అత్తవారింట అడుగుపెట్టిన ఆర్నెల్లకు అత్తమ్మ తన చెల్లెలికి ఆపరేషనని మాచర్ల వెళ్తూ వారం రోజులకు వంటిల్లు నాకు అప్పజెప్పింది. ఆ వారంలో నా ఆశ ఒక్కటే. మామయ్య నా చేతి వంట కడుపునిండా తినాలి. ఆయనేమో రెండు ముద్దలు తిని "చాలమ్మాయ్" అని లేచిపోయేవారు. పప్పు పెట్టాను, పులుసు పెట్టాను, గోంగూర మాంసం కూడా పెట్టాను. గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి, ఏ ముద్దకు మొహం ఎలా మారుతుందో గమనించాను కూడా. లాభం లేకపోయింది. లోపలికొచ్చి ఏడ్చేదాన్ని (ఉల్లిపాయలని మా ఆయనకు చెప్పేదాన్ని).

బుధవారం నాటికి నాకు రోషం వచ్చింది. మెక్సికో వాళ్ళు కేసడియా అని ఒకటి చేసుకుంటారని వీడియోలో చూసి ఉన్నాను. చపాతీలు ఒత్తి, ఉడికించిన అలసందలు, చిన్నగా తరిగి వేయించిన కోడిమాంసం, ఉల్లిపాయలు, క్యాప్సికం, పైన చీజ్ తురుము దండిగా వేశాను. వాళ్ళ సాస్ ఏదో నాకు తెలియదు కాబట్టి మన పండుమిర్చి పచ్చడే పూశాను. సగానికి మడిచి పెనం మీద నేతితో రెండువైపులా కాలిస్తే, కొరికితే కరకరలాడుతూ లోపల చీజ్ తీగలా సాగుతోంది. చల్లారితే తోలులా తయారవుతుందని వీడియోలో అమ్మాయి మరీ మరీ చెప్పింది. అందుకని, బజార్లో టీ కొట్టు దగ్గర కూర్చున్న మామయ్యకు ఫోన్ చేశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామయ్య పదేళ్ళు ఊరికి సర్పంచి. మా వైపు ఊళ్ళో రాజకీయం చేసినవాళ్ళకి కోర్టు వాయిదాలు మామూలే. కాబట్టి ఆయన చెవిలో ఏ మాట పడ్డా ముందు కేసులాగే వినపడేది.

"మామయ్యా, తొందరగా రండి. ఇంట్లో కేసడియా! వేడి మీద ఉంది!"

అవతల లారీల రొద. గొంతు తెగి తెగి వినిపించింది. "ఎవు... ఎవురికి?"

"ముగ్గురికీ మామయ్యా. మీకు రెండు, మీ అబ్బాయికి రెండు, నాకు ఒకటి."

టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత, "నీక్కూడానా అమ్మాయ్!"

"అవును మామయ్యా. నాకు ఒకటి చాలు."

"భయపడమాక. తలుపు గడియ పెట్టుకో, వస్తన్నా" అన్నారు. నా వంటకు ఇంత ఆత్రమా అని నేను పొంగిపోయాను.

పావుగంటలో ఆటో ఆగింది. మామయ్యతో పాటు ఇద్దరు ఊరి పెద్దలు, చంకలో ఫైలుతో ప్లీడరు గారు దిగారు. ప్లీడరు గారు కళ్ళజోడు సర్దుకుని, "కాయితం ఏమన్నా ఇచ్చారా తల్లీ?" అన్నారు.

"కాయితం లేదండీ. వీడియో చూసి చేశాను."

"వీడియో కూడా ఉందంట సర్పంచీ!" అంటూ ఆయన కుర్చీలో కూలబడ్డారు.

నాకేమీ అర్థం కాక లోపలికెళ్ళి పళ్ళెం తెచ్చి ముందు పెట్టాను. "ఇదేనండీ, కేసడియా." నలుగురూ పళ్ళెంలోకి తొంగి చూశారు. ముందు నవ్వింది ప్లీడరు గారు. ఇంక ఆపలేకపోయారు, కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. మామయ్య మొహం కందగడ్డ అయింది. "సరేలే, వచ్చినోళ్ళు తినే పొండి" అన్నారు గంభీరంగా.

ఉన్నవి అయిదు, మనుషులు నలుగురు, మా ఆయన కూడా అప్పుడే వచ్చాడు. మళ్ళీ పిండి కలిపి, ఒత్తి, కూరి, కాల్చి, ఒక్కొక్కటే మా ఆయన చేతికిస్తూ నేను వంటింట్లోనే ఉండిపోయాను. బయటినుంచి మాటలు మాత్రం వినపడేవి. "చానా బాగుందిరా, కజ్జికాయకు అన్నలాగుంది." "ఇంకా పచ్చడుందేమో కనుక్కో."

వాళ్ళు వెళ్ళాక మెల్లగా మా ఆయన్ని అడిగాను, మామయ్య తిన్నారా అని. "నాలుగు" అన్నాడు. నమ్మలేక నేరుగా మామయ్య దగ్గరికే వెళ్ళాను. "మామయ్యా, ఇన్నాళ్ళూ నా వంట మీకు నచ్చలేదు కదూ?"

ఆయన నేల చూపులు చూస్తూ అన్నారు. "వంటకేమైందమ్మా? అన్నీ బానే ఉండాయి. నువ్వు గరిటె పట్టుకోని మొహంలోకి చూస్తా నిలబడితే, ముద్ద ఎట్టా దిగుద్ది?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ తర్వాత ఎన్నో నేర్చుకున్నాను, కేసడియాలు కళ్ళు మూసుకుని చేస్తాను. ఇప్పటికీ మామయ్య భోజనానికి కూర్చుంటే వడ్డించి బుద్ధిగా వంటింట్లోకి వెళ్ళిపోతాను. వెళ్ళి, తలుపు సందులోంచి చూస్తాను.